ఎండ ప్రాంతంలో కొండ ఎక్కే ముందు నిర్ణయించుకోవలసింది దిగివచ్చే సమయం

వారం రోజుల సెలవుకు వేడి ప్రాంతానికి వెళ్తున్నామని, బస చేసే చోటికి దగ్గరలో అడుగు నుంచి శిఖరం దాకా సుమారు 750 మీటర్ల ఎత్తున్న కొండ ఉందని, పోనూ రానూ 10 కిలోమీటర్ల కాలిబాట అని మీరు రాశారు. చేరిన మరుసటి రోజే ఉదయం ఫలహారం ముగించుకొని 9 గంటలకు బయలుదేరి, మనిషికి ఒక లీటరు సీసా చొప్పున నీళ్లు పట్టుకొని, మీరిద్దరూ, 12 ఏళ్ల అబ్బాయీ, రక్తపోటుకు మందులు వాడుతున్న 64 ఏళ్ల నాన్నగారూ కలిసి ఎక్కాలని అనుకుంటున్నారు. మధ్యాహ్నం ఉష్ణోగ్రత 37, 38 డిగ్రీలు ఉంటుందంటున్నారు, ఇబ్బంది ఏమైనా ఉంటుందా అని మీ ప్రశ్న.

ఆ కొండ మీ ఇంట్లో కనీసం ముగ్గురికి అందేదే. అయితే ఈ ప్రణాళికతో మాత్రం దయచేసి వెళ్లవద్దు. ఇరవై రెండేళ్లుగా వేడి ప్రాంతాల కొండల మీదికి బృందాలను తీసుకువెళ్తున్న అనుభవంతో చెబుతున్నాను, మీరు మార్చుకోవలసినవి మూడు: ఎక్కే రోజు, బయలుదేరే గంట, మోసే నీళ్లు. ఈ మూడింటిలోనూ గంటదే పెద్ద పాత్ర, కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

కొండ నడకకు పట్టే సమయాన్ని అంచనా వేయడానికి విలియం నేస్మిత్ అనే స్కాట్లాండు పర్వతారోహకుడు 1892లో ఒక సులువైన లెక్క చెప్పాడు. ప్రతి 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, పైకెక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట కలుపుకోవాలి. మీ కొండకు ఆ లెక్క వేస్తే ఎక్కడానికే రెండుంబావు గంటలు అవుతుంది. అయితే అది అలవాటున్న మనిషి చల్లని వాతావరణంలో ఎక్కడా ఆగకుండా నడిచే సమయం. పిల్లవాడితో, ఎండలో, నీళ్లకూ ఊపిరికీ ఆగుతూ వెళ్లేవారు దానికి సగం కలుపుకోవాలని నా అనుభవం. అంటే ఎక్కడానికి దాదాపు మూడు గంటల ఇరవై నిమిషాలు, పైన అరగంట, దిగడానికి రెండు గంటలు. మీరు 9 గంటలకు బయలుదేరితే శిఖరం చేరేసరికి పన్నెండున్నర అవుతుంది. అప్పటికి కాళ్లు అలిసిపోయి ఉంటాయి, సీసాలు ఖాళీ అయి ఉంటాయి, సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, రోజు మొత్తంలో అత్యంత వేడిగా ఉండే రెండు మూడు గంటలూ మీరు దిగే దారిలోనే గడుస్తాయి. అదే తెల్లవారుజామున నాలుగు ముప్పావుకు నుదుటి దీపాలతో బయలుదేరితే ఎనిమిది దాటగానే పైన ఉంటారు, పదిన్నరకు కింద ఉంటారు. అమెరికాలోని గ్రాండ్ క్యాన్యన్ జాతీయ ఉద్యానవనంలో వేసవి రోజుల్లో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు లోయ బాటల్లో నడవవద్దని అధికారులు సందర్శకులకు చెబుతారు. ఎండలో ఏ కొండకైనా నేను పాటించే హద్దు కూడా అదే. పది, పదిన్నర కల్లా కాళ్లు చదునునేల మీద ఉండాలి. శిఖరం ఎన్నింటికి చేరతామన్నది ఆ తరువాతి లెక్క.

ఎండ ఇంత పట్టింపు ఎందుకో చెప్పడానికి చిన్న గణితం చేస్తాను. 70 కిలోల మనిషి 750 మీటర్లు పైకెక్కితే తన బరువును మోయడానికే సుమారు 5 లక్షల జౌళ్ల (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి కావాలి. మన కండరాలు ఖర్చుచేసే శక్తిలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు మాత్రమే పనిగా మారుతుంది, మిగిలినదంతా ఒంట్లో వేడిగా తేలుతుంది. ఆ లెక్కన ఈ కొండ ఎక్కేటప్పుడు ఒంట్లో 15 నుంచి 20 లక్షల జౌళ్ల వేడి పుడుతుంది. అది బయటికి పోయే దారి లేకపోతే శరీర ఉష్ణోగ్రత ఆరు నుంచి ఎనిమిది డిగ్రీలు పెరగాలి, అంటే మనిషి బతకడు. గాలి ఉష్ణోగ్రత చర్మం ఉష్ణోగ్రతకన్నా, అంటే సుమారు 35 డిగ్రీలకన్నా, ఎక్కువైనప్పుడు ఆ వేడిని బయటికి పంపగలిగేది చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 24 లక్షల జౌళ్ల వేడిని తీసుకుపోతుంది. అయితే ఆవిరి కాకుండా గడ్డం మీద నుంచి కిందికి కారిపోయే చెమట ఒంటిని ఏమాత్రం చల్లబరచదు, నీటిని మాత్రం పోగొడుతుంది. అందుకే తేమ ఎక్కువగా ఉండే చోట 32 డిగ్రీలు, పొడిగా ఉండే చోటి 38 డిగ్రీలకన్నా ప్రమాదం కావచ్చు. మీరు వెళ్లే చోటి ఉష్ణోగ్రతను చూస్తున్నారు, దానితోపాటు గాలిలో తేమ శాతాన్నీ తప్పకుండా చూడండి.

వాతావరణ సూచనలో కనిపించే 38 డిగ్రీలు నీడలో, నేలకు మనిషి ఎత్తున, గాలి ఆడే పెట్టెలో కొలిచిన అంకె అని గుర్తుంచుకోవాలి. దక్షిణం వైపు తిరిగిన బోడి రాతివాలు మీద మధ్యాహ్నం ఆ రాయి 60 డిగ్రీలు దాటి కాగుతుంది, ఆ సెగ కింది నుంచి ముఖానికి కొడుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ చల్లబడుతుంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. సగటున కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది గనుక మీ శిఖరం దగ్గర సుమారు ఐదు డిగ్రీలు తక్కువ ఉండవచ్చు. కానీ ఎక్కే శ్రమ పుట్టించే వేడి ముందు ఆ ఐదు డిగ్రీలు ఏమూలకూ చాలవు, పైగా దిగేటప్పుడు మళ్లీ ఆ వేడిలోకే వెళ్లాలి. దారి ఏ వాలు మీద ఉందో, ఉదయం పూట నీడ ఎంతసేపు ఉంటుందో పటంలో ముందే చూసుకోండి. పడమటి వాలు మీది బాట అయితే ఎనిమిది గంటల దాకా నీడలో నడవగలిగే అదృష్టం దొరకవచ్చు.

ఇక రోజు విషయం. చేరిన మరుసటి రోజే కొండ ఎక్కాలనే ఉత్సాహాన్ని నేను అర్థం చేసుకోగలను, కానీ శరీరానికి వేడి అలవాటు కావడానికి వ్యవధి కావాలి. వేడిలో కొద్దికొద్దిగా శ్రమ చేస్తూ ఉంటే మొదటి నాలుగైదు రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, గుండె కొట్టుకునే వేగం తగ్గుతుంది, చెమట ముందుగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఈ మార్పులు పూర్తి కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మీకున్నది వారమే కనుక కొండను ఐదో రోజుకో ఆరో రోజుకో వాయిదా వేయండి. ఈలోగా ప్రతిరోజూ ఉదయమో సాయంత్రమో ముప్పావుగంట, గంట చొప్పున ఒంటికి చెమట పట్టేటట్లు నడవండి. పగలంతా ఏసీ గదిలోనే గడిపితే ఐదు రోజులైనా ఏ అలవాటూ రాదు. చివరి రోజును మాత్రం కొండకు కేటాయించవద్దు, ఎందుకంటే ఆ రోజు వెనక్కు తిరగడానికి ఎవరికీ మనసొప్పదు. మరొక రోజు చేతిలో ఉందన్న నిశ్చింత మనిషికి మంచి నిర్ణయాలు నేర్పుతుంది.

ఉదయం లేవడం కష్టం గనుక సాయంత్రం ఎక్కితే పోదా అని మీకు అనిపించవచ్చు. నేను ఒప్పుకోను. పగలంతా కాగిన రాయి సాయంత్రం దాకా వేడిని వదులుతూనే ఉంటుంది. వేడి ప్రాంతాల కొండల మీద ఉరుములతో కూడిన వానలు ఎక్కువగా మధ్యాహ్నం తరువాతే కమ్ముకొస్తాయి, శిఖరం మీద పిడుగుకు దొరికేది మనిషే. అన్నిటికీ మించి, అలిసిన కాళ్లతో చీకట్లో దిగవలసి వస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో సూర్యుడు అస్తమించాక పాతిక నిమిషాలు కూడా వెలుగు నిలవదు. ఉదయపు చీకట్లో తాజా కాళ్లతో ఎక్కడానికీ, రాత్రి చీకట్లో తడబడే కాళ్లతో దిగడానికీ చాలా తేడా ఉంది.

నీటి విషయంలో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ రెండు వైపులా పొరపాటు జరుగుతుంది. వేడిలో ఎక్కే పెద్దవారికి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పోవడం మామూలు, కొందరికి అంతకన్నా ఎక్కువే పోతుంది. ఆరు గంటల నడకకు పెద్దలు ఒక్కొక్కరు 4 లీటర్లు, అబ్బాయికి రెండున్నర, మూడు లీటర్లు సిద్ధం చేసుకోండి. అది మనిషికి 4 కిలోల బరువు, వీపున మోయక తప్పదు. దారిలో ఊట ఉందని పటంలో కనిపించినా వేడి కాలంలో దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. సగం నీళ్లు ఎక్కేటప్పటికి, సగం దిగేటప్పటికి అని పంచుకోవడం చూశాను. అందులో ఒక లోపం ఉంది. దిగే వేళకు ఎండ ముదిరి ఉంటుంది, సాయం చేయవలసిన అవసరం వస్తే ఒంటి మీద పోయడానికి కూడా నీళ్లు కావాలి. అందుకని కిందికి చేరేసరికి ప్రతి ఒక్కరి సంచిలో కనీసం అర లీటరు మిగిలి ఉండేటట్లు చూసుకోవడం నా బృందాలకు నేను పెట్టిన నియమం.

రెండో పొరపాటు ఎక్కువగా తాగడం. వడదెబ్బ భయంతో దాహం లేకపోయినా గంటకు రెండేసి లీటర్ల మంచినీళ్లు తాగేవారు ఉంటారు. అలా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, వేళ్లు ఉబ్బడం, చివరికి మూర్ఛ కూడా వస్తుంది. చూడటానికి అది ఎండదెబ్బలాగే ఉంటుంది, దానికి ఇంకా నీళ్లు తాగిస్తే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఎవరైనా నీరసించినప్పుడు ముందు అడగవలసింది వారు ఎన్ని నీళ్లు తాగారు, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారు అని. దాహాన్ని అనుసరించి, పదిహేను ఇరవై నిమిషాలకొకసారి నాలుగైదు గుక్కలు తాగుతూ, దానితోపాటు ఉప్పగా ఉండే తినుబండారం ఏదైనా కొద్దికొద్దిగా తినడం అన్నిటికన్నా భద్రం. నడక రెండు గంటలు దాటుతుంది కనుక నీటిలో మూడో వంతు ఓఆర్‌ఎస్ కలిపినదైతే మంచిది. ప్యాకెట్లు దొరకకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపవచ్చు. చెంచా అంటే టీ చెంచా, అదీ అంచుకు సమంగా కొలిచినది. ఉప్పు చేతికొచ్చినంత వేయడం అబ్బాయికి ప్రమాదకరం.

దుస్తుల గురించి తక్కువే చెబుతాను. లేత రంగులో వదులుగా ఉండే నిండు చేతుల చొక్కా, చుట్టూ అంచున్న టోపీ, మెడకు తడి గుడ్డ, ఇదివరకే తొడిగి అలవాటైన బూట్లు ఉంటే చాలు. మొదటి రెండు రోజుల్లో నీటి ఒడ్డున ఒళ్లు కమిలిపోకుండా చూసుకోండి, ఎందుకంటే ఎండకు కమిలిన చర్మం చెమటను సరిగా పట్టించలేదు.

నడిచే వేగానికి ఒకటే కొలత: పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నది. మాట మధ్యలో తెగిపోతూ ఉంటే వేగం తగ్గించాలి. ముందు నడిచేది అబ్బాయి అయితే మంచిది, పిల్లవాడి అడుగే అందరి అడుగు అవుతుంది. నలభై నిమిషాలకొకసారి నీడలో ఐదారు నిమిషాలు ఆగండి, సంచులు దింపి గాలి తగలనివ్వండి. వెనుదిరిగే సమయాన్ని ముందు రోజు రాత్రే, చల్లగా కూర్చున్నప్పుడే నిర్ణయించుకొని కాగితం మీద రాసుకోండి. మీ లెక్కకు అది ఎనిమిదిన్నర. ఆ సమయానికి శిఖరం రెండు వందల అడుగుల్లో కనిపిస్తున్నా అక్కడి నుంచే తిరగాలి. ఆ క్షణంలో కొండ మీద నిలబడి కొత్తగా ఆలోచించడం మొదలుపెడితే వేడెక్కిన మెదడు తప్పకుండా పైకే పోదామంటుంది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నేను చేసిన పొరపాటు. చాలా ఏళ్ల క్రితం నా బృందంలో ముప్పై ఏళ్ల వయసు పరుగుల వీరుడు ఒకతను ఉండేవాడు. ముందురోజు రాత్రే సుదూర ప్రయాణం చేసి వచ్చాడు, నిద్ర లేదు. అందరికన్నా ముందు నడుస్తున్నాడు, మాట్లాడటం తగ్గించాడు. ఆ మౌనాన్ని నేను బలమనుకున్నాను. నిర్ణయించుకున్న సమయం దాటినా, శిఖరం దగ్గరే కదా అని ఆగలేదు. కాసేపటికి నీళ్లు ఎన్ని మిగిలాయని అడిగితే అతను తన బూట్ల గురించి జవాబు చెప్పాడు. అప్పుడు చూశాను, అడుగులు తూలుతున్నాయి, చొక్కా చెమటతో తడిసి ఉంది, ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. నీడకు చేర్చి, అందరి దగ్గరి నీళ్లూ ఒంటి మీద పోసి, చొక్కాలతో విసురుతూ నలభై నిమిషాలు గడిపాక గానీ తన పేరు సరిగా చెప్పలేదు. సహాయ సిబ్బంది మోసుకొని దించారు, పూర్తిగా కోలుకున్నాడు. బలమైనవారు వేగంగా ఎక్కుతారు, వేగంగా ఎక్కేవారి ఒంట్లో వేడి వేగంగా పుడుతుంది, బాధను అణచుకొని నడిచే అలవాటు కూడా వారికే ఎక్కువ. అందువల్ల ఎండలో వెనకబడ్డవారితోపాటు ముందున్నవారినీ అంతే జాగ్రత్తగా గమనించాలని ఆ రోజు నుంచి నేర్చుకున్నాను.

తల తిరగడం, వికారం, కండరాలు పట్టేయడం, విపరీతమైన నీరసం కనిపించినా మనిషి స్పష్టంగా మాట్లాడుతూ ఉంటే నీడలో పడుకోబెట్టి, కాళ్లు కొద్దిగా ఎత్తి, ఓఆర్‌ఎస్ తాగించి, తడి గుడ్డలతో తుడిచి చూడాలి. అరగంటలో తేరుకుంటే ఇక కిందికే నడక, పైకి కాదు. మాట తడబడినా, పొంతన లేని జవాబు చెప్పినా, కోపం తెచ్చుకొని వింతగా ప్రవర్తించినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అని భావించి వెంటనే చల్లబరచడం మొదలుపెట్టాలి. చర్మం పొడిగా ఉంటేనే వడదెబ్బ అన్న అభిప్రాయం చాలామందిలో ఉంది, శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో ఒళ్లు చెమటతో తడిసే ఉండవచ్చు. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన ప్రతి నిమిషమూ మెదడుకూ కాలేయానికీ మూత్రపిండాలకూ హాని చేస్తుంది, కనుక సహాయం కోసం ఫోన్ చేస్తూనే తల నుంచి కాళ్ల దాకా నీళ్లు పోసి విసరడం ఆపకూడదు. ముందు చల్లబరచడం, ఆ తరువాతే మోసుకుపోవడం. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయవద్దు, జ్వరం మాత్రలు వేయవద్దు, అవి ఈ వేడిని తగ్గించవు.

నాన్నగారి విషయం ఆయన వైద్యుడితో మాట్లాడకుండా నిర్ణయించవద్దు. రక్తపోటు మందుల్లో కొన్ని మూత్రం ఎక్కువ పోయేటట్లు చేసి ఒంట్లో నీటిని, ఉప్పును తగ్గిస్తాయి, మరికొన్ని గుండె వేగం పెరగకుండా ఆపుతాయి. రెండూ వేడిలో ఎక్కేవారికి ఇబ్బందే. అలాగని సొంతంగా మాత్ర మానేయడం మరింత తప్పు. ఆయన సంవత్సరం పొడుగునా మెట్లెక్కే అలవాటున్నవారు కాకపోతే, మొదటి 150 మీటర్ల ఎత్తు దాకా మీతో వచ్చి, సూర్యోదయం చూసి, మీలో ఒకరితో కలిసి వెనుదిరగడం మంచి ఏర్పాటు. ఒంటరిగా మాత్రం పంపవద్దు. అబ్బాయి విషయంలో, పిల్లలు ఉత్సాహం ఉన్నంతసేపు ఏమీ చెప్పరు, చెప్పేసరికి బాగా అలిసిపోయి ఉంటారు. కాబట్టి ఎలా ఉన్నావని అడిగి ఊరుకోకుండా, ఆగిన ప్రతిచోటా తాగిన నీళ్లు మీరే చూడండి. ఎవరికైనా ముందు రోజుల్లో విరేచనాలో జ్వరమో వచ్చి ఉంటే, రాత్రి మద్యం తాగి ఉంటే, నిద్ర చాలకపోతే వారు ఆ రోజు కొండకు దూరంగా ఉండాలి.

మిగిలిన జాగ్రత్తలు చిన్నవే అయినా వదలకండి. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో బసలో ఒకరికి రాసి ఇవ్వండి. ఫోన్‌ను చేతిలో ఎండకు పెట్టుకుంటే వేడెక్కి ఆగిపోతుంది, గుడ్డలో చుట్టి సంచి లోపల ఉంచండి. 112 నంబరు చాలా దేశాల మొబైల్ నెట్‌వర్క్‌లలో అత్యవసర సేవలకు కలుపుతుంది, అయినా అక్కడి నంబరు ముందే తెలుసుకోండి. సిగ్నల్ లేనిచోట ఈల పనికొస్తుంది. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదడం పర్వతాల్లో ఆపద సంకేతం, మూడుసార్లు వినిపిస్తే అది జవాబు. చీకట్లో నడిచేటప్పుడు రాళ్ల సందుల్లో చేయి పెట్టవద్దు, పాములకూ అదే చల్లని వేళ. దిగేటప్పుడు అడుగులు చిన్నవి వేయండి, జారిపడటాలు ఎక్కువగా తిరుగుదారిలోనే జరుగుతాయి.

కిందికి చేరాక కూడా ఆ రోజు పూర్తిగా అయిపోయినట్లు కాదు. రెండు మూడు గంటల పాటు కొద్దికొద్దిగా తాగుతూ, ఉప్పున్న భోజనం చేసి, చల్లని చోట పడుకోండి. మూత్రం లేత పసుపు రంగుకు వచ్చేదాకా కోల్పోయిన నీరు పూడలేదని అర్థం. సాయంత్రానికి ముదురు రంగులో, టీ డికాక్షన్‌లా వస్తే, లేదా ఎవరికైనా తలనొప్పి తగ్గక వాంతులు మొదలైతే, తెల్లవారే దాకా ఎదురుచూడకుండా ఆ రాత్రే వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి.